సర్పంచ్ మనోడే, సంతకం ఎవలది?

పంచాయతీ ఎన్నికలు ఒడిసినయి. 2025 డిసెంబర్ 11, 14, 17 తారీఖులల్ల మూడు విడతలుగా తెలంగాణల 12,700 పైచిలుకు గ్రామ పంచాయతీల లెక్క తేలింది. పొద్దున ఏడింటికి మొదలైన ఓటింగు పగటీలి ఒంటిగంటకు బందయింది. రెండింటికి డబ్బాలు తెరిచిన్రు. చీకటి పడేసరికి గెలిచినోళ్ల ఇండ్ల ముందు డప్పులు మోగినయి, గులాలు చల్లుకున్నరు. నూటికి ఎనభై మందికి పైగా ఓటేసిన్రు. పట్నంల అసెంబ్లీ ఎన్నికలప్పుడు సగం మంది ఇంట్ల పండుకుంటే, పల్లెల ముసలోళ్లు కట్టె పట్టుకొని వచ్చి వరుసల నిలబడ్డరు. పల్లెకు ఓటంటే ఎంత ఆశనో ఇంతకన్న సాక్ష్యం అక్కర లేదు.

తెల్లారి పత్రికలన్నీ ఒకటే లెక్క రాసినయి. కాంగ్రెస్ బలపరిచినోళ్లు ఇన్ని, బీఆర్ఎస్ బలపరిచినోళ్లు ఇన్ని, బీజేపీ బలపరిచినోళ్లు ఇన్ని. సర్పంచ్ ఎన్నిక పార్టీలు లేని ఎన్నిక అని చట్టం చెప్తది. బ్యాలెట్ కాగితం మీద చెయ్యి లేదు, కారు లేదు, పువ్వు లేదు. ఉంగరం, కత్తెర అసొంటి గుర్తులే ఉన్నయి. అయినా గెలిచినోని మెడల ముందు పడేది పార్టీ కండువానే. ఈ లెక్క పార్టీలకు పనికొస్తది. రేపటి ఎన్నికకు ఎవని బలం ఎంతనో చూసుకోవడానికి పనికొస్తది. మాల వాడకు, మాదిగ వాడకు, డక్కలి గుడిసెకు, బుడగ జంగాల డేరాకు ఈ లెక్క ఏం పనికొస్తది?

మన లెక్క వేరే ఉన్నది. మేము నాలుగు ప్రశ్నలు పెట్టుకొని ఈ ఫలితాలను చూస్తున్నాము. ఎస్సీ రిజర్వు ఊళ్లల్ల గెలిచినోళ్లను నిలబెట్టింది ఎవరు? జనరల్ ఊళ్లల్ల మనోళ్లు ఎంతమంది నామినేషన్ వేసిన్రు? ఏకగ్రీవమైన ఊళ్లల్ల మాట్లాడింది ఎవరు, నోరు మూసుకున్నది ఎవరు? గెలిచిన సర్పంచ్ చేతుల చెక్కుబుక్కు ఉంటదా, లేక ఇంకొకని అల్మారిల ఉంటదా? ఈ నాలుగింటికి జవాబు దొరికితేనే ఎవరు గెలిచిన్రో తెలుస్తది.

మొదలు ఒక సంగతి యాది చేసుకోవాలె. సర్పంచ్ కుర్చీ మనకు ఎవరూ దయతలచి ఇయ్యలేదు. 1959ల షాద్‌నగర్‌ల పంచాయతీరాజ్ మొదలుపెట్టిన నాడు ఊరి పెత్తనం గడిల ఉండె. దొర కొడుకే సర్పంచ్, దొర తమ్ముడే సమితి ప్రెసిడెంట్, దొర మనిషే పటేల్, పట్వారీ. పంచాయతీ అంటే గడి ముందట చేతులు కట్టుకొని నిలబడుడే. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలల్ల 1978ల కూలీలు, జీతగాళ్లు, చేతివృత్తులోళ్లు వెట్టికి ఎదురు తిరిగిన్రు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు వేలమంది నడిచొచ్చిన్రు. దొరలకు చాకలి బందు, మంగలి బందు, పాలేరు బందు. తరతరాలు మనల్ని వెలేసినోళ్లను ఆనాడు మనం వెలేసినం. నెల తిరిగేసరికి సర్కారు ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతమని ప్రకటించింది. ఆ నడకల ముందు వరుసల ఉన్నది మాల మాదిగ వాడలే. జైలుకు పోయింది, లాఠీ తిన్నది, ఆస్తి లేనోళ్లే.

1984ల పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. మండలాలు వచ్చినయి. దొర ఊరిడిసి కరీంనగర్ పోయిండు, హైదరాబాద్ పోయిండు. కాంట్రాక్టరైండు, రైసుమిల్లు పెట్టిండు, వైన్ షాపు పట్టిండు. దొర పోయిన జాగల ఊరి పెత్తనం ఖాళీగ ఉండలేదు. ఆయన కింద మాటకారులుగ ఉన్న పటేండ్లు ఎక్కి కూసున్నరు. ఒక దిక్కు అన్నలు ఎన్నికలు బహిష్కరించుమన్నరు, ఇంకో దిక్కు పోలీసులు ఓటేసి సిరా గుర్తు చూపెట్టుమన్నరు. నడుమ నలిగింది మన వాడలే. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలుకొచ్చింది. జనాభాను బట్టి ఎస్సీ, ఎస్టీలకు వార్డులల్ల, సర్పంచ్ పదవులల్ల వాటా ఇయ్యాలని రాజ్యాంగంలనే రాసిన్రు. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద 1995ల ఎన్నికలు జరిగినయి. ఇంత నడిచి వస్తే దొరికిన కుర్చీ ఇది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేటోళ్లతోని మాకు పేచీ ఉన్నది.

కుర్చీ దొరికితే అధికారం దొరికినట్టేనా అన్నది రెండో సంగతి. పల్లె గురించి బాబాసాహెబ్‌కు భ్రమలు లేవు. 1932 అక్టోబర్ 6న బొంబాయి శాసనమండలిల గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు, అంటరానివాళ్లకు ప్రత్యేక ప్రాతినిధ్యం లేకుండ పంచాయతీకి అధికారాలు ఇస్తే అది మనల్ని తొక్కే పనిముట్టు అయితదని వాదించిండు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభల ముసాయిదా ప్రవేశపెట్టినప్పుడు పల్లెను పొగిడేటోళ్లను నిలదీసిండు; పల్లె అంటే సంకుచితం, అజ్ఞానం, కులతత్వం నిండిన గుంత అని చెప్పిండు. పల్లెను వదిలిపెట్టుమని ఆయన చెప్పలేదు. పల్లెల మనిషిని కాపాడే చట్టం లేకుండ పల్లెకు పెత్తనం ఇయ్యొద్దని చెప్పిండు.

అదే 1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం జరిగింది. గాంధీ నిరాహార దీక్షతోని మన ప్రత్యేక నియోజకవర్గాలు పోయినయి. సీట్లు మనకు, ఓట్లు అందరియి. యాభై ఏండ్లకు 1982ల అదే తారీఖు నాడు కాన్షీరాం చంచాల యుగం మీద పుస్తకం అచ్చేసి, ఈ పద్ధతి ఎట్లాంటి నాయకులను పుట్టిస్తదో విప్పి చెప్పిండు. అది ఢిల్లీ సంగతి అనుకోవద్దు. మన ఊరి బొడ్రాయి కాడ జరిగేది గదే.

లెక్క చూద్దాం. వెయ్యి ఓట్ల ఊరు అనుకుందాం. సర్పంచ్ ఎస్సీకి రిజర్వు అయింది. మన ఓట్లు రెండు వందలు. మనోళ్లే ఇద్దరు నిలబడ్డరు. ఒకరు వాడ కోసం కొట్లాడిన మనిషి: కూలి రేటు అడిగిండు, స్మశానం జాగ కబ్జా అయితే తహసీల్దార్ దగ్గరికి పోయిండు, హోటల్ల గిలాసల లొల్లి అయితే కేసు పెట్టించిండు. ఇంకొకరు పటేల్ ట్రాక్టర్ నడిపే మనిషి, ఎవరినీ ఎదిరించి ఎరుగడు. మన రెండు వందల ఓట్లల్ల నూట యాభై మొదటాయనకే పడ్డయి. యాభై రెండో ఆయనకు. మిగిలిన ఎనిమిది వందల ఓట్లు ఎటు పోతయి? అందుల మూడు వందలు కొట్లాడేటాయనకు పడ్డయి అనుకున్నా, ఐదు వందలు ట్రాక్టర్ డ్రైవర్‌కు పడితే ఐదు వందల యాభైతోని ఆయననే సర్పంచ్. మన నాలుగు ఓట్లల్ల మూడు ఎవలకు పడ్డయో ఆయన ఓడిపోయిండు. అయినా పేపర్ల ఏమొస్తది? ఎస్సీ సర్పంచ్ గెలిచిండు అని వస్తది. తప్పు ట్రాక్టర్ నడిపే తమ్మునిది కాదు, ఆయనా మన పొత్తిళ్ల బిడ్డనే. మనోళ్లల్ల ఎవరు గెలవాలెనో మనం కానోళ్లు తేల్చే పద్ధతిదే తప్పు.

మన పెగడపల్లి జనానికి ఇది విడమరిచి చెప్పే పని లేదు. మన ధర్మపురి అసెంబ్లీ స్థానం 2009 నుంచి ఎస్సీ రిజర్వు. మన పెద్దపల్లి పార్లమెంటు స్థానం అంతకన్న ముందు నుంచే ఎస్సీ రిజర్వు. 2018ల ధర్మపురిల ఇద్దరు దళిత నాయకుల నడుమ పోటీ జరిగితే కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతోని అడ్లూరి లక్ష్మణ్ కుమార్ మీద గెలిచిన్రు, 2019ల మంత్రి అయిన్రు. 2023ల లక్ష్మణ్ కుమార్ గెలిచిన్రు, 2025 జూన్‌ల ఆయనా మంత్రి అయిన్రు. ఇద్దరికీ దక్కింది ఎస్సీ సంక్షేమ శాఖనే. ఎమ్మెల్యే మనోడు, ఎంపీ మనోడు, మంత్రి మనోడు. మంచిదే, గర్వపడదాం. కాని పెగడపల్లి మండలంల కూలి రేటు తేల్చేది ఎవరు? చెరువు శిఖం ఎవరు దున్నాలెనో చెప్పేది ఎవరు? బోనాల నాడు ముందు ఎవరి బోనం నడవాలెనో చెప్పేది ఎవరు? పైన ఎంత ఎత్తుకు పోయినా బొడ్రాయి కాడ మాట మారకపోతే మన బతుకు మారదు. అందుకే మాకు అసెంబ్లీ కన్న పంచాయతీ పెద్దది.

ఇగ ఏకగ్రీవాల సంగతి. ఈసారి రాష్ట్రంల వెయ్యికి పైగా సర్పంచ్ పదవులు పోటీ లేకుండనే అయిపోయినయి. ఊరంతా ఒక్క మాట మీద ఉంటే సంతోషమే. కాని ఒక్క మాట ఎట్ల అయింది? కొన్ని ఊళ్లల్ల గుడి కాడ వేలం పాట పెట్టిన్రు. గుడికి ఇన్ని లక్షలు, బొడ్రాయి పండుగకు ఇన్ని లక్షలు అని పాడినోనికి సర్పంచ్ పదవి. వేలం పాట చట్ట విరుద్ధమని ఎన్నికల సంఘం చెప్పినా ఆగలేదు. వేలంల పాడాలంటే లక్షలు ఉండాలె. రెక్కలు తప్ప ఆస్తి లేనోడు ఎక్కడికెళ్లి పాడతడు? రిజర్వు ఊళ్లె మనోని పేరు మీద పటేలే పాడతడు. పైసలు పెట్టినోడు ఊకుంటడా? అప్పు ఐదేండ్లు వసూలు చేసుకుంటడు, మిత్తితోని సహా. నామినేషన్ వేస్తమన్న మన పిల్లలను ఇంటికి పిలిచి, ఊరి మాట కాదంటే రేపు మీకు పని దొరకదు అని చెప్పినోళ్లు కూడ ఉన్నరు. దాన్ని సర్ది చెప్పుడు అంటరు. చట్టం దాన్ని నేరం అంటది.

ఈ చట్టం సంగతి మన కార్యకర్తలు నోటికి నేర్చుకోవాలె. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015ల సవరించిన్రు, 2016 జనవరి 26 నుంచి అమలుల ఉన్నది. ఎస్సీ, ఎస్టీలను ఓటేయకుండ, నామినేషన్ వేయకుండ, ప్రతిపాదించకుండ ఆపితే సెక్షన్ 3(1)(ఎల్). ఎస్సీ, ఎస్టీ సర్పంచ్‌ను గాని వార్డు మెంబర్‌ను గాని తన పని చేసుకోనియ్యకుండ అడ్డుపడితే, బెదిరిస్తే సెక్షన్ 3(1)(ఎం). ఎన్నిక అయినంక ఓటు పగతోని కొట్టినా, వెలివేసినా సెక్షన్ 3(1)(ఎన్). సాంఘిక, ఆర్థిక బహిష్కారం పెట్టినా, పెడతమని బెదిరించినా సెక్షన్ 3(1)(జెడ్.సి). ఠాణాల కేసు రాయనంటే, ఏ సెక్షన్ కింద రాయాలెనో మనమే చెప్పేటట్టు ఉండాలె.

మా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు, అటు నిజామాబాద్ దిక్కు ఇంకో రోగం ఉన్నది. దాని పేరు గ్రామాభివృద్ధి కమిటీ, ఊళ్లల్ల వీడీసీ అంటరు. దీన్ని ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు. ఏ చట్టంలనూ దీనికి అధికారం లేదు. అయినా బెల్టుషాపు వేలం వేసేది అదే, ఇసుక పైసలు వసూలు చేసేది అదే, జుర్మానా వేసేది అదే, మాట వినకపోతే వెలివేసేది అదే. కులానికొక మనిషి ఉంటడని చెప్తరు. మన కులం మనిషి మూలకు కూసుంటడు, చెప్పినకాడ వేలిముద్ర పెడతడు. ఊరికి ఒక పంచాయతీ రాజ్యాంగం ఇచ్చింది, ఇంకో పంచాయతీ పెత్తందార్లు పెట్టుకున్నరు. రాజ్యాంగ పంచాయతీకి దళిత సర్పంచ్ వచ్చిన నాడు అసలు పెత్తనం రెండో దానికి జారుకుంటది. కుర్చీ మనకిచ్చి కుర్చీల ఉన్న బలాన్ని పక్కింటికి మోసుకపోయిన్రు. దీన్ని ఎదిరించకుండ ఎంతమంది దళిత సర్పంచ్‌లు గెలిచినా లాభం లేదు.

సంతకం సంగతి చూద్దాం. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తోని పాటు ఉప సర్పంచ్ సంతకం కూడ కావాలని పెట్టింది. 2019ల గెలిచిన సర్పంచ్‌లు ఈ పద్ధతి కిందనే పనిచేసిన్రు. సర్పంచ్‌ను ఊరంతా ఓటేసి ఎన్నుకుంటది, ఉప సర్పంచ్‌ను వార్డు మెంబర్లు ఎన్నుకుంటరు. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉన్నది, ఉప సర్పంచ్ పదవికి లేదు. అర్థమైందా మతలబు? సర్పంచ్ ఎస్సీకి పోయిన ఊళ్లె పెద్దకులపోడు వార్డు మెంబర్‌గ నిలబడతడు, నలుగురు మెంబర్లను పట్టుకొని ఉప సర్పంచ్ అయితడు. ఆయన సంతకం పెట్టకుంటే వీధి బుగ్గకు పైసలు రావు, సఫాయి కార్మికునికి జీతం రాదు. ఇద్దరు సంతకాలుంటే దొంగతనం తగ్గుతదని పాలకులు చెప్పిన్రు. దొంగతనం తగ్గిందో లేదో కాని, దళిత సర్పంచ్ చెయ్యి కట్టేయడానికి ఒక తాడు మాత్రం దొరికింది. రెండో సంతకం ఎవరికిచ్చినా, ఉప సర్పంచ్‌కైనా, కార్యదర్శికైనా, మన ప్రశ్న ఒక్కటే: ఊరు ఎన్నుకున్న మనిషి మీద ఊరు ఎన్నుకోని మనిషికి కళ్లెం ఎందుకు?

ఇంతకన్న లోతైన ఉచ్చు అప్పు. 2019 జనవరిల గెలిచిన సర్పంచ్‌లతోని వైకుంఠధామాలు, పల్లె ప్రకృతి వనాలు, డంపింగ్ యార్డులు, ఆటస్థలాలు కట్టించిన్రు. కలెక్టర్ చేతుల సస్పెన్షన్ కొరడా ఉండె. పని చెయ్యి, బిల్లు వెనుక వస్తది అన్నరు. అప్పులు తెచ్చి పనిచేసిన్రు. 2024 ఫిబ్రవరి మొదట్ల పదవీకాలం ఒడిసింది, బిల్లులు మాత్రం రాలేదు. 2024 నవంబర్‌ల మాజీ సర్పంచ్‌లు బిల్లుల కోసం హైదరాబాద్ పోతే అరెస్టులు చేసిన్రు. ఈ బాధ అన్ని కులాల సర్పంచ్‌లకూ ఉన్నది. కాని పదెకరాలున్న సర్పంచ్ భూమి చూపెట్టి బ్యాంకుల అప్పు తెస్తడు. గుంట భూమి లేని మాదిగ సర్పంచ్ ఎక్కడికి పోవాలె? పటేల్ దగ్గరికే పోవాలె. నూటికి రెండు రూపాలు, మూడు రూపాల మిత్తికి తేవాలె. అప్పు తెచ్చిన నాడే నోరు కుదువ పెట్టినట్టు. రేపు స్మశానం జాగ కబ్జా చేసింది అదే పటేలైతే నోటీసు ఎట్ల ఇస్తడు? మనోడు అమ్ముడుపోయిండని అరుగు మీద కూసొని తిట్టుడు సులువే. ఏ సంతల, ఎందుకు అమ్ముడుపోయిండో చూడాలె.

సర్పంచ్‌లు లేని ఆ రెండేండ్ల దగ్గర ప్రత్యేక అధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం 15వ ఆర్థిక సంఘం నిధులు ఆపింది. ఎన్నికలు ఆలస్యం కావడానికి బీసీ రిజర్వేషన్ల లొల్లి ఒక కారణం. 2024-25 కులగణనల బీసీలు నూటికి 56.33, ఎస్సీలు 17.43 అని సర్కారే లెక్క చెప్పింది. 2025 సెప్టెంబర్ 26న బీసీలకు 42 శాతం ఇస్తూ జీ.ఓ. 9 ఇచ్చిన్రు. అక్టోబర్ 9న హైకోర్టు ఆపింది. మొత్తం రిజర్వేషన్లు సగం దాటొద్దన్న గీత కాడ బీసీల వాటా తెగిపోయింది. ఊళ్లె కొందరు, ఎస్సీల వల్లనే బీసీల సీట్లు పోయినయని చెవులు కొరుకుతున్నరు. ఇది పచ్చి అబద్ధం. మన వాటా మన జనాభా లెక్కనే, ఒక్క గింజ ఎక్కువ లేదు. బీసీల సీట్లు పోయినయంటే అవి జనరల్ పేరు మీద పిడికెడు మంది చేతికి పోయినయి. బీసీల 42 శాతం న్యాయమైన కోరిక, మేము దానితోని ఉన్నాము. అట్లనే బీసీ అన్నదమ్ములను కూడ ఒక మాట అడుగుతున్నాము. హైదరాబాద్‌ల బహుజన ఐక్యత మాట్లాడుకుంటం, మరి ఊళ్లె వీడీసీల కూసొని మాదిగ వాడకు జుర్మానా వేసే కాడ మీ చెయ్యి ఎందుకు లేస్తున్నది? ఆ చెయ్యి దిగిన నాడే ఐక్యత ఊరిదాక వస్తది.

మన ఇంటి సంగతి కూడ దాచొద్దు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారిచ్చింది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల చట్టం అమలుకొచ్చింది. అది చదువులకు, కొలువులకు. పంచాయతీ సీట్లకు వర్గీకరణ లేదు. అందుకే రిజర్వు ఊళ్లె మాల ఒక దిక్కు, మాదిగ ఒక దిక్కు నిలబడితే నడుమ తక్కెడ పటేల్ పట్టుకుంటడు. మాదిగల వాటా న్యాయమని ఒప్పుకున్నోళ్లే రేపు మాలలతోని కూసొని మాట్లాడగలుగుతరు. ఈ టర్ము మీది, వచ్చే టర్ము మాది అని వాడల నడుమ ఒప్పందం చేసుకున్న కాడ పటేల్ తక్కెడకు పనుండదు. డక్కలోళ్లు, బుడగ జంగాలు, మన మీద ఆధారపడి బతికినోళ్లు, వాళ్లు ఏ నాడు సర్పంచ్ అయితరు? ఈ ప్రశ్న పెద్ద కులాలను అడిగే ముందు మనల్ని మనమే అడుక్కోవాలె.

ఆడోళ్లకు సగం సీట్లున్నయి. దళిత అక్కచెల్లెండ్లు చాన మంది గెలిచిన్రు. గెలిచింది అక్క, ఫ్లెక్సీ మీద పెద్ద ఫోటో బావది. మీటింగుల కూసునేది బావ, సంతకం కాడికి మాత్రం అక్కను పిలుస్తరు. పెద్దకులపోడు మన కుర్చీని గుంజుకుంటే దౌర్జన్యమంటం, మన మొగోడు మన ఆడబిడ్డ కుర్చీని గుంజుకుంటే దాన్ని ఏమంటం? పొద్దంత నాటేసి, మాపటికి మహిళా సంఘం లెక్కలు పైసతోని సహా చెప్పే ఆడబిడ్డకు పంచాయతీ లెక్కలు రావా? దళిత మహిళా సర్పంచ్‌ను కుర్చీల కూసోనియ్యని ఊరిని నిలదీయాలంటే, మొదలు ఇంట్ల కుర్చీ ఇయ్యాలె.

జనరల్ అన్న మాటను కూడ సరిగ్గ చదువుకోవాలె. జనరల్ అంటే రెడ్లది, వెలమలది అని ఊరు చదువుకుంటది. చట్టంల జనరల్ అంటే అందరిది. జనరల్ ఊళ్లె మనోడు నామినేషన్ వేస్తే, మీకు రిజర్వుడు ఉండంగ ఇదెందుకు అంటరు. రిజర్వేషన్ అంటే ఇంతకన్న తక్కువ కావద్దని గీసిన గీత. దాన్ని ఇంతకన్న ఎక్కువ పోవద్దన్న కంచె చేసిన్రు. ఈసారి జనరల్ ఊళ్లల్ల నిలబడి ఓడిపోయిన దళిత అభ్యర్థులు ఎక్కడున్నా వాళ్లకు మా జై భీమ్‌లు. పటేల్ దయతోని గెలిచిన పది మంది కన్న వాళ్ల ఓటమి మాకు విలువైంది. ఎందుకంటే ఆ ఊళ్లె మొదటిసారి ఒక కంచె తెగింది.

తమిళనాడుల ఏం జరిగిందో చూడుండ్రి. మదురై జిల్లాల పాపాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలు 1996ల దళితులకు రిజర్వు అయితే పదేండ్లు ఎన్నిక సాగనియ్యలేదు. నామినేషన్ వేసినోడు లేడు, వేసినోడు నిలువలేడు, నిలిచి గెలిచినోడు రాజీనామా చేయాల్సిందే. 2006ల గాని సక్కగ ఎన్నిక కాలేదు. అదే జిల్లాల మేలవళవు పంచాయతీ ప్రెసిడెంట్‌గ గెలిచిన మురుగేశన్‌ను 1997 జూన్ 30న ఇంకొందరు దళితులతోని కలిపి నరికి చంపిన్రు. ఆయన చేసిన నేరం ఒక్కటే, గెలుసుడు. మా దిక్కు అట్ల లేదు కద అని సంబరపడొద్దు. అక్కడ మెడ నరికిన్రు, ఇక్కడ మెడల దండేసి ఆ దండతోనే గుంజుతున్నరు. దండ పూలది కాబట్టి నొప్పి తెలుస్తలేదు.

ఇగ చేయాల్సిన పని. డిసెంబర్ ఆఖర్ల కొత్త పాలకవర్గాలు కుర్చీల కూసున్నయి. ఐదేండ్ల పొద్దు ఉన్నది. గెలిచిన మన సర్పంచ్‌లకు, వార్డు మెంబర్లకు మేము చెప్పేది ఇది. ఖాళీ చెక్కు మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు, ఎంత దగ్గరోడు అడిగినా సరే. తీర్మానాల పుస్తకం మీ ముందట రాయించుండ్రి. చదువు రాకుంటే వాడల చదువుకున్న పిలగాన్ని పక్కన కూసోబెట్టుకోండ్రి, సిగ్గుపడే పని లేదు. చేతుల మంజూరు కాగితం లేకుండ పని మొదలుపెట్టొద్దు, ఆఫీసరు నోటి మాట మీద అప్పు తేవద్దు. తేక తప్పకపోతే పటేల్ దగ్గర తేవద్దు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె, ఒకసారన్న మన వాడల పెట్టుండ్రి. ఊరు వచ్చి మన వాడల కూసొని మాట్లాడాలె. జనవరి 26న జెండా మీరే ఎగిరేయాలె. కుర్చీల మీరే కూసోవాలె, స్టూలు తెచ్చుకొని మూలకు కాదు.

వాడ చేయాల్సింది కూడ ఉన్నది. ఓటేసి ఇంట్ల పండుకుంటే సర్పంచ్ ఒక్కడైతడు, ఒక్కడైనోన్ని పట్టుకపోవుడు సులువు. గ్రామసభ నాడు కూలి ఇడిసిపెట్టి యాభై మంది పోవాలె. లెక్క చెప్పకుంటే సమాచార హక్కు కింద అడగాలె, అది 2005 నుంచి మన చేతుల ఉన్న కొడవలి. వీడీసీ జుర్మానా కట్టొద్దు. ఒక్క ఇల్లు కాదంటే వెలివేస్తరు, వాడంతా కాదంటే ఎవరిని వెలేస్తరు? మన సర్పంచ్‌కు ఆపద వస్తే తెల్లారేసరికి ఠాణా ముందు ఉండాలె. మన సర్పంచ్ తప్పు చేస్తే, కులం చూసి కప్పిపెట్టకుండ గ్రామసభల నిలబెట్టి అడగాలె. అండ, లెక్క రెండూ వాడ బాధ్యతే. అండ లేకుండ లెక్క అడిగితే పటేల్‌కు పని చేసినట్టు, లెక్క అడగకుండ అండ ఇస్తే కొత్త పటేల్‌ను తయారు చేసినట్టు.

ప్రతి ఊళ్లె మన సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలె. మన సర్పంచ్ ఎవరి బలంతోని గెలిచిండు, ఉప సర్పంచ్ ఎవరు, చెక్కుబుక్కు ఎవరింట్ల ఉన్నది, గ్రామసభ ఎన్నిసార్లు అయింది, వాడకు ఎన్ని పైసలు వచ్చినయి, ఇవన్నీ రాయాలె. పేపర్ల ఫలితాలు ఒక్కనాటితోని ఒడిసినయి. మన ఫలితాలు ఐదేండ్లు రాసుకుంటేనే తేలుతయి. మండలంల ఏ ఊరు ముందు రాసి పంపినా ఈ పేజీలల్ల అచ్చేస్తాము.

కుర్చీ మన తాతలు నడిచి తెచ్చిన్రు. సంతకం మనం తెచ్చుకోవాలె.

జై భీమ్!